ఎక్కువమంది చూసిన ఫొటో

హన్నా ఫొటోలు నాకు మొదటినుంచీ నచ్చవు. ముందే చెప్పేస్తే తర్వాత ఎవరూ అడగక్కర్లేదు. నేను గుణదలలో ఇరవై రెండేళ్లుగా స్టూడియో నడుపుతున్నవాణ్ణి. ఆమె కంకిపాడు అవతల ఒక చిన్న సంఘానికి పాస్టరైన నతానియేలు భార్య. చేతిలో ఉన్నది మామూలు ఫోను. ఇద్దరం ఒకే వెబ్‌సైట్‌లో సభ్యులం. అక్కడ ఫొటోలు పెట్టుకోవచ్చు, పక్కనే ఎవరి బ్లాగు వాళ్లు రాసుకోవచ్చు. లెన్సుల గురించీ వెలుతురు గురించీ నేను పేజీలకు పేజీలు రాస్తే పదకొండు మంది చదివేవారు. ఆమె కాలవలో బాతుల ఫొటో పెట్టి కింద నాలుగు ముక్కలు రాస్తే చాలు, వందలమంది ఎగబడేవారు. ‘ఈ వారం బ్లాగు’ అని మొదటి పేజీలో పెట్టేది ఎప్పుడూ ఆమెదే. నాకు ఒళ్లు మండిపోయేది.

ఒక్కసారి మాత్రం నా బ్లాగును బాగానే చదివారు. డిసెంబరులో మా పాప సింధూరికి డెంగీ వచ్చి తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉంది. పాప లేచి తిరిగితే కొండమీద మేరీమాత దగ్గర పాప ఎత్తు కొవ్వొత్తి వెలిగిస్తానని మా అమ్మ మణెమ్మ మొక్కుకుంది. పాప లేచింది గానీ ఈలోగా అమ్మ మోకాళ్లు పట్టేశాయి. ఇదంతా బ్లాగులో రాశాను. పాపను గుమ్మానికి ఆనించి నిలబెట్టి, తల దగ్గర పెన్సిలు గీత గీసి, ఆ ఫొటో కూడా పెట్టాను. మూడడుగుల రెండంగుళాలు. కొండ కిందే ఉంటున్నా నాకు ఎక్కే తీరిక లేదని, మొక్కు తీరలేదని అమ్మ మంచంలో కుమిలిపోతోందని రాశాను. జాలిపడి చదువుతారనే రాశాను, చదివారు. పాప కోసం ప్రార్థన చేస్తున్నాను బ్రదర్ అని హన్నా కూడా కింద రాసింది. నేను జవాబివ్వలేదు.

ఫిబ్రవరిలో మేరీమాత ఉత్సవాల మూడు రోజులూ కొండ మెట్ల మొదట్లో నా స్టాలు ఉంటుంది. కుటుంబాలను నిలబెట్టి ఫొటో తీసి, అక్కడికక్కడే ప్రింటు ఇస్తాను. రెండో రోజు ఉదయం ఆ జనంలో హన్నా కనపడింది. కొంగు నెత్తి మీదికి లాక్కుని, పెద్ద కొవ్వొత్తిని చంకబిడ్డలా పొదివి పట్టుకుని మెట్లెక్కుతోంది. సభ్యులమంతా ఒకసారి బ్యారేజీ దగ్గర కలుసుకున్నాం కాబట్టి ఇట్టే పోల్చుకున్నాను. విగ్రహాలకు మొక్కేవాళ్లను ఆమె భర్త మైకులో ఎంతెంత మాటలంటాడో నాకు తెలుసు. స్టాలు వదిలేసి, పెద్ద లెన్సు తగిలించుకుని వెనకాలే వెళ్లాను. అమ్మ కోసం ఎక్కని మెట్లు ఆమె కోసం ఆయాసపడుతూ ఎక్కాను. ఆమె కొవ్వొత్తి నిలబెట్టి, వెలిగించి, కళ్లు మూసుకోగానే నొక్కాను. నా జన్మలో అంత మంచి ఫొటో తీయలేదు.

దిగేటప్పుడు నన్ను చూసి ఆగిపోయింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఫొటో తీశారా బ్రదర్?"

తీశానన్నాను.

"పెట్టకండి బ్రదర్. మా సంఘంలో తెలిస్తే మా ఆయన తలెత్తుకోలేరు. నేనసలు ఇక్కడికొచ్చింది..."

ఇంకేదో చెప్పబోయింది. వెనకనుంచి జనం తోసుకుంటూ వచ్చి ఆమెను కిందికి లాక్కుపోయారు. పెట్టనులెండి పాస్టరమ్మ గారూ అని కేకేసి చెప్పాను. చెప్పినప్పుడు నిజంగానే చెప్పాను.

ఆ శనివారం సైటు తెరిచేసరికి మొదటి పేజీలో మళ్లీ ఆమె బాతులే ఉన్నాయి. ఇంకేముంది, కూర్చుని రాశాను. ముఖం సగమే కనపడేలా ఫొటోను కత్తిరించాను. పేరు రాయలేదు, కంకిపాడు వైపు ఒక పాస్టరమ్మ గారు అన్నానంతే. పెళ్లయి ఆరేళ్లయినా ఒడి నిండలేదని, కొవ్వొత్తి సరిగ్గా ఒక పిల్ల ఎత్తు ఉందని, ఏమడగడానికి వచ్చిందో చదివేవాళ్లే గ్రహించాలని రాశాను. రాస్తుంటే ఎంత హాయిగా ఉందో చెప్పలేను. సాయంత్రానికి రెండు వేలమంది చూశారు. నతానియేలు తనే వచ్చి, ఈమె నా భార్య కాదు, నా భార్య ఇలాంటి పని చేయదు అని కింద రాశాడు. జాలి వేయాల్సింది, నాకు నవ్వొచ్చింది. మర్నాడు ముఖం మొత్తం కనపడే ఫొటో పెట్టాను.

మార్చి మొదటి ఆదివారం వాళ్ల గుడికి వెళ్లాను. ఆ రోజు బల్ల ఆరాధన, అంటే రొట్టె, ద్రాక్షారసం అందరూ పంచుకునే రోజు. పని ఉండి కాదు, చూడాలనిపించి వెళ్లాను. వెనక వరసలో కూర్చున్నాను. కొండకు ఎందుకెళ్లావని సంఘం పెద్దలు ఎంత అడిగినా హన్నా నోరు విప్పలేదట, పక్కాయన చెప్పాడు. నతానియేలు కాగితం తీసి, తన భార్యను ఏడాదిపాటు బల్లకు దూరం పెట్టారని గొంతు వణక్కుండా చదివాడు. తర్వాత తానే రొట్టె పళ్లెం పట్టుకుని వరసల వెంట వచ్చాడు. హన్నాకు అటు పక్కావిడ దగ్గర ఆగాడు. ఇటు పక్కావిడ దగ్గర ఆగాడు. అలవాటు కొద్దీ హన్నా అప్పటికే చేతులు చాచింది. కాసేపు అలాగే ఉంచి, తర్వాత ఒళ్లో పెట్టుకుంది. నేను ఫోను పైకెత్తాను గానీ వెలుతురు చాలలేదు.

మూడు రోజులకు సైటువాళ్లు నా బ్లాగు కిందే అందరికీ కనపడేలా ఆమెను అడిగారు. ఎవరో ఫిర్యాదు చేశారట. ఫొటోలో ఉన్నది మీరేనా, తీసేయమంటారా అని. ఫొటోలో ఉన్న మనిషి వద్దంటే తీసేయాలన్నది వాళ్ల రూలు. అప్పటికి పదిహేను వేలమంది చూసిన ఫొటో, ఆ వారం మొదటి పేజీలో ఉన్న బ్లాగు. ఆమె ఒక్క ముక్క రాస్తే అంతా పోతుంది. రెండు రోజులు గంటకోసారి ఆ పేజీ తెరిచి చూశాను. మూడో రోజు మధ్యాహ్నం జవాబు వచ్చింది.

"అది నేనే. తీసేయకండి, బ్రదర్ కష్టపడి తీశారు. కొవ్వొత్తి మూడడుగుల రెండంగుళాలు. మణెమ్మ గారికి మొక్కు తీరిందని చెప్పండి బ్రదర్. పాప బాగా తిరుగుతోందా?"

మూడుసార్లు చదివాను. లేచి గుమ్మం దగ్గరికి వెళ్లాను. పెన్సిలు గీత అలాగే ఉంది. సింధూరి దాని పక్కనే కూర్చుని బొమ్మకు జడ వేస్తోంది. లోపల గదిలోంచి అమ్మ, ఎవరొచ్చార్రా బాలశౌరీ అని అడిగింది. ఎవరూ రాలేదన్నాను. నా మొక్కు సంగతేం చేశావురా అంది, రోజూ అడిగినట్టే. సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది. ఆ మాట ఎవరి దగ్గరా ఒప్పుకోను.

వచ్చి మళ్లీ కూర్చున్నాను. అప్పటికింకా ఆ జవాబును నలుగురే చూశారు. ఎవరి బ్లాగు కింది మాటలు వాళ్లు తుడిచేసుకోవచ్చు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆమె జవాబు తుడిచేశాను. ఫొటోకు ఆమె ఒప్పుకుందని సైటువాళ్లకు విడిగా రాశాను.

ఇప్పటికీ నా బ్లాగులో ఎక్కువమంది చూసింది ఆ ఫొటోనే.