తవిటినాయుడి పట్టు

నేను ఒక కాలిని. మనిషి కాలిని కాదు, సాధన కోసం చేసిన ఒంటి కాలిని. నా లోపల ఇనుప గొట్టం, దాని చుట్టూ లారీ ట్యూబు ముక్కలు, ఆపైన స్పాంజి, అన్నిటికీ మీద నల్ల రెక్సిన్ తొడుగు. అడుగున ఒక గట్టి స్ప్రింగు. పట్టి లాగితే వంగుతాను, వదిలితే లేచి నిలబడతాను.

గాజువాకలో లారీ సీట్లు కుట్టే మస్తాన్ నన్ను చేశాడు. చేయించింది విశాఖ కబడ్డీ జట్టు కోచ్ సత్యం మాష్టారు. ఆయన పంట్లాం మోకాలి దాకా మడిచి, తన కాలే కొలత ఇచ్చాడు. చివర్లో ఒక పాత బూటు తొడిగి బిగించాక మస్తాన్ నన్ను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీనికి జత లేదా మాష్టారూ?"

"పట్టేది ఒక్క కాలేగా" అన్నాడు మాష్టారు.

కూతకు వచ్చిన రైడర్ వెనుదిరిగే క్షణంలో వంగి చీలమండ అందుకోవడం కార్నర్‌లో నిలబడేవాడి పని. అందుకున్నాక వాడు మధ్య గీత తాకకుండా ఆపాలి. ఆ విద్య నేర్పడానికే నన్ను పుట్టించారు. ఎందరో నన్ను పట్టారు. కొందరు గిచ్చినట్టు పట్టేవారు, కొందరు కోపంగా పట్టేవారు. పెళ్లాంతో గొడవపడి వచ్చిన రోజున ఒకాయన నా కుట్లు తెంపేశాడు. మనుషులు తమలో తాము చెప్పుకోలేనివన్నీ నా మీద తీర్చుకునేవారు.

తవిటినాయుడు అలా కాదు. విజయనగరంలో జూట్ మిల్లు వెనక వీధిలో పెరిగిన ఈ కుర్రవాడు ఇరవై ఏళ్లు నిండకుండానే జట్టులోకి వచ్చాడు. మాట తక్కువ. చేతులు మాత్రం పెద్దవి. అతను పట్టుకుంటే స్ప్రింగు మూలిగేది గానీ స్పాంజి నలిగేది కాదు. మాష్టారు పక్కన నిలబడి చూసి తల పంకించేవాడు. పొగిడితే కుర్రవాడు చెడతాడని ఆయన భయం.

ఆ ఏడాది వరంగల్ జట్టుతో ఆట. ఒళ్లు వేడెక్కడానికి నన్ను పట్టి, మ్యాట్ పక్కన బెంచీ వెనక నిలబెట్టి వెళ్లారు. రెండో సగంలో వరంగల్ రైడర్ రాజలింగం కూతకు వచ్చాడు. ఆ రోజుల్లో అతన్ని ఆపినవాళ్లు తక్కువ. ఎడమ కార్నర్‌లో ఉన్న తవిటినాయుడు వంగి అతని చీలమండ అందుకున్నాడు. తప్పు లేని పట్టు. రాజలింగం ముందుకు దూకాడు, తవిటినాయుడు వదల్లేదు, మిగిలిన నలుగురూ వచ్చి మీద పడ్డారు. ఎండు కొబ్బరిమట్ట విరిగినట్టు చప్పుడైంది. నాకే వినిపించిందంటే, ఆ చీలమండ చేతిలో ఉన్నవాడికి ఎలా తెలిసిందో వేరే చెప్పాలా?

రెఫరీ విశాఖకు పాయింటు ఇచ్చాడు. జనం చప్పట్లు కొట్టారు. స్ట్రెచర్ వచ్చేదాకా కొడుతూనే ఉన్నారు.

అప్పటినుంచీ తవిటినాయుడి ఆట పోయింది. నన్ను పట్టేటప్పుడు ఎప్పటిలాగే పట్టేవాడు. మనిషి కాలు దొరికితే మాత్రం చేతులు విచ్చుకునేవి. రైడర్లకు ఆ సంగతి తెలిసిపోయి, ఎడమ వైపే వచ్చి పాయింట్లు ఏరుకుని వెళ్లేవారు.

"ఏటయిందిరా నీకు?" అని మాష్టారు అడిగాడు.

"నానేటీ సెయ్యట్లేదు మాష్టారూ. సేతులు వాటంతటవే ఒగ్గేస్తన్నాయి."

సీజన్ ముగిశాక అతన్ని వేరే జట్టుకు ఇచ్చేసి ఒక రైడర్‌ను తెచ్చుకున్నారు. తీసుకున్నది వరంగల్ జట్టే. తమ మనిషి కాలు విరిచిన పట్టు తమకే కావాలనిపించింది వాళ్లకు. ఈ కుర్రవాడు ఇంకా ఎదుగుతాడా, ఇంతేనా అని టీవీలో కోట్లు వేసుకున్న పెద్దమనుషులు గంటసేపు వాదించుకున్నారు. ఆ గంటలో అతను హాస్టల్ గదిలో పక్కబట్టలు చుట్టుకుంటున్నాడు. మాష్టారు నన్ను తెచ్చి ఆ చుట్టలో దోపి, "తీసుకెళ్లు. దీనికి నొప్పి లేదు" అన్నాడు. బస్సులో నా బూటు బయటకు పొడుచుకొచ్చి ఉంటే కండక్టర్ ఒకసారి చూసి, మళ్లీ చూసి, ఏమీ అడగకుండానే టికెట్ కొట్టాడు.

వరంగల్ ప్రాక్టీస్ హాల్లో మేం మొదట చూసింది రాజలింగాన్నే. కాలిలో ఇనుప ప్లేటు వేశారు. ఆడలేడు కాబట్టి మ్యాచ్ వీడియోలు కత్తిరించే పని ఇచ్చారు. వచ్చే సీజన్‌కు మళ్లీ కూతకు వెళ్తానని అందరికీ చెబుతుండేవాడు. ఆటగాళ్లకు నీళ్ల సీసాలు చేతికి అందించేవాడు. తవిటినాయుడి దగ్గరకు వచ్చేసరికి నేల మీద పెట్టి వెళ్లేవాడు. తవిటినాయుడు వంగి తీసుకునేవాడు.

కొత్త జట్టులోనూ అంతే అయింది. చీలమండ చేతికి వచ్చేది, చేయి విచ్చుకునేది. కోచ్ కొమురయ్య సార్ అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టాడు.

"గీ రబ్బరు కాలును పామోలె చుట్టుకుంటవ్. మనిషి కాలు రాంగనే ఎందుకు ఇడుస్తవ్? ఇంకో మ్యాచ్ చూస్త. గంతే" అన్నాడు.

ఆ మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్లారు. తవిటినాయుడు వెళ్లకుండా నన్ను పడుతూనే ఉన్నాడు. నా రెక్సిన్ అతని చెమటకు జారుతోంది. రాజలింగం గోడ పట్టుకుని మ్యాట్ మీదికి వచ్చాడు. బూటు విప్పి, పంట్లాం మడిచాడు. చీలమండ పక్కన మెరుస్తున్న పొడవాటి కుట్టు.

"దాన్ని అవతల వెట్టు. నా కాలు పట్టు."

తవిటినాయుడు నన్ను వదల్లేదు. "నా వొల్ల కాదన్నా."

"నీ మీద కోపం పోయిందనుకోకు. పోలే. కానీ నాకూ తెల్వాలె, ఈ కాలు తట్టుకుంటదో లేదో. డాక్టర్లు చెప్తలేరు. నువ్వే చెప్పాలె." గొంతు తగ్గించాడు. "నేను ఇడువమనేదాక ఇడువకు."

కూత మొదలుపెట్టాడు. ఏడాది తర్వాత అదే మొదటి కూత. తవిటినాయుడు కార్నర్‌లోకి వెళ్లి నిలబడ్డాడు. రాజలింగం లోపలికి వచ్చాడు, చేయి విసిరాడు, వెనుదిరిగాడు. తవిటినాయుడు వంగి పట్టుకున్నాడు. నన్ను పక్కన పడేశాడు కాబట్టి నేలకు దగ్గరగా ఉండి ఆ చేతులనే చూస్తున్నాను. విచ్చుకోబోయాయి. "ఇడువకురా" అన్నాడు రాజలింగం, పళ్లు బిగించి. చేతులు మూసుకున్నాయి. రాజలింగం తన ఒంటిని గీత వైపు తోశాడు. ఒకప్పుడు నలుగురిని ఈడ్చుకుపోయిన కాలు అది. మళ్లీ తోశాడు. కాలు కదల్లేదు. మూడోసారి తొయ్యలేదు. బోర్లా పడుకుని, చెంప మ్యాట్‌కు ఆనించి, కూత ఎక్కడ ఆగిందో కూడా తెలియకుండా ఉండిపోయాడు.

చాలాసేపటికి "ఇడువు" అన్నాడు.

తవిటినాయుడు వదిలి దూరంగా జరిగి కూర్చున్నాడు. "నొప్పెట్టిందా అన్నా?"

"నొప్పి కాదు. బలం లేదు." లేచి బూటు తొడుక్కున్నాడు. "నీ పట్టుల మాత్రం తప్పు లేదు."

మర్నాడు రాజలింగం రాలేదు. ఆ తర్వాతా రాలేదు. వీడియోల పనికి ఇంకొకరిని పెట్టుకున్నారు.

తవిటినాయుడు తర్వాతి మ్యాచ్‌లో చీలమండ పట్టాడు, వదల్లేదు. ఆ పై మ్యాచ్‌లోనూ అంతే. కొమురయ్య సార్ అతన్ని మళ్లీ బెంచీ మీద కూర్చోబెట్టలేదు. సీజన్ చివరికి జట్టులో అతను లేకుండా ఆట లేదన్నారు. కోటు పెద్దమనుషులు తాము ముందే చెప్పామన్నారు. అందరూ పట్టు దొరకగానే తొడ చరుస్తారు. అతను మాత్రం పడినవాడి దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, వాడు రెండు కాళ్ల మీద లేచేదాకా చూసి గానీ తన చోటికి వెళ్లడు. దాన్ని క్రీడాస్ఫూర్తి అని మెచ్చుకున్నారు. అతను రాత్రుళ్లు సరిగా నిద్రపోవడం లేదని గదిలో మంచం కింద ఉండే నాకొక్కదానికే తెలుసు.

నా స్ప్రింగు సాగిపోయింది. కరెంటుతో కదిలే కొత్త యంత్రం వచ్చాక నన్ను హాలు పక్కన సామాన్ల గదిలో, చిరిగిన మ్యాట్‌ల మీద పడేశారు. తలుపు సగం తెరిచే ఉంటుంది.

ఒకరోజు సాయంత్రం ఆ సగం తలుపులోంచి రాజలింగం కనబడ్డాడు. ఇక్కడ మిగిలిపోయిన బట్టల సంచీ కోసం వచ్చాడు. తవిటినాయుడు అతన్ని చూసి, మ్యాట్ దిగి ఎదురు వెళ్లాడు.

"టీవీల చూస్తున్న. మంచిగ ఆడుతున్నవ్" అన్నాడు రాజలింగం.

"కాలు ఎలాగుంది అన్నా?"

"నడుస్తున్న."

రాజలింగం సంచీ భుజాన వేసుకుని వెనుదిరిగాడు. మెట్లు దిగుతుంటే ఒక అడుగు గట్టిగా, ఒక అడుగు మెత్తగా వినిపించింది. ఆ చప్పుడు ఆగేదాకా తవిటినాయుడు అక్కడే నిలబడ్డాడు. లోపల కొమురయ్య సార్ విజిల్ వేశాడు. తవిటినాయుడు చేతులు నిక్కరుకు తుడుచుకుని, వెళ్లి ఎడమ కార్నర్‌లో నిలబడ్డాడు.