బోర్డును నమ్మిన బుచ్చన్న

ప్రభుత్వ పనుల దగ్గర పాతే బోర్డును ఎవరూ చదవరు. ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను. నా పేరు కరుణాకర్ రావు, ఒక కంట్రాక్టు కంపెనీలో సీనియర్ ప్రాజెక్ట్ మేనేజర్ని. జగిత్యాల నుంచి సిరిసిల్ల దాకా నేను కట్టించిన రోడ్లు, వంతెనలు చాలానే ఉన్నాయి. ఇన్నేళ్లలో ఆ బోర్డులకు మేకలు ఒళ్లు రుద్దుకోవడం చూశాను, వాటి మీద దుప్పట్లు ఆరేయడం చూశాను, ఎన్నికలప్పుడు పోస్టర్లు అంటించడం చూశాను. చదివినవాణ్ని మాత్రం చూడలేదు. అందులోనూ అడుగున ఉండే 'పని పూర్తి చేయవలసిన తేదీ' అనే వరుస ఉంది చూడండి, దాన్ని రాసే పెయింటరు నమ్మడు, రాయించే నేను నమ్మను, రాయమన్న ఆఫీసు అసలే నమ్మదు.

అప్పుడు రుద్రంగి దాటాక వాగు మీద వంతెన పని నడుస్తోంది. వాగుకు ఇవతల తారు రోడ్డు, అవతల ఈదులపల్లె. ఎండాకాలం ఆ వాగులో పిల్లలు క్రికెట్ ఆడతారు. వానాకాలం వాగు వచ్చిందంటే ఊరికి ఊరే అవతల ఉండిపోతుంది.

జూన్ మొదట్లో ఒక పొద్దున షెడ్డు ముందు కూర్చుని సాకేత్‌ను తిడుతున్నాను. సాకేత్ రావు మా అక్క కొడుకు, ఆ సైటుకు ఇంజనీరు. పని మీద ఉంటే 'సార్' అంటాడు, లీవు కావాలంటే 'మామ' అంటాడు. ఆ పొద్దున 'మామ' అన్నాడు. అందుకే తిడుతున్నాను.

ఇంతలో భుజాన మోకు వేసుకుని ఒకాయన వచ్చాడు. వంతెన పక్కన తాటిచెట్లెక్కి కల్లు గీసే బుచ్చన్న. రోజూ కనబడే మనిషే గానీ ఎప్పుడూ ఇంత దగ్గరికి రాలేదు. సంచిలోంచి మూలలకు పసుపు పూసిన పెళ్లి పత్రిక తీసి రెండు చేతులతో ఇచ్చాడు.

"పొద్దుగాల్నే అచ్చిన సారూ, ఏమనుకోకుండ్రి. మా చిన్నబిడ్డ గీత లగ్గం. మొదటి పత్రిక దేవుని కాడ పెట్టినం. రెండోది మీకే."

"నాకెందుకు బుచ్చన్నా రెండోది?"

"సదువుండ్రి, మీకే ఎరుకైతది."

చదివాను. వివాహ వేదిక: ఈదులపల్లెలో వధువు స్వగృహం. కింద చిన్న అక్షరాల్లో, 'దారి: రుద్రంగి నుండి కొత్త వంతెన మీదుగా.' ముహూర్తం చూస్తే శ్రావణమాసం, ఆగస్టు మధ్య.

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. అక్కడ ఇంకా రెండు స్లాబులు పోయలేదు. ఊరి వైపు నుంచి వంతెన ఎక్కే దారికి ఒక్క తట్ట మట్టి పడలేదు. నా అంచనాలో దసరా దాటుతుంది. ఇక్కడ చూస్తే లేని వంతెన మీదుగా పెళ్లికి రమ్మని ఊళ్లకు ఊళ్లకు పత్రికలు పంచుతున్నాడు.

"శ్రావణం వరకు వంతెన అయితదని నీకెవరు చెప్పిండ్రు?" అన్నాను, గొంతు పెంచి.

"మీరే రాసిండ్రు గద సారూ! గా బోర్డు మీద. జులై ఆఖరు అని. పనన్నంక జర అటిటు అయితదని నేనే ఇంకో పదిహేను దినాలు కలిపి ముహూర్తం పెట్టిచ్చిన."

సాకేత్‌కు దగ్గు వచ్చింది. నవ్వు ఆపుకోవాల్సి వస్తే వాడికి దగ్గు వస్తుంది. నాకు మాత్రం ఒళ్లు మండింది. "సర్కారు పని బోర్డు నమ్మి పిల్ల పెండ్లి పెడతరా ఎవరన్నా? నీకేమన్న సోయి ఉన్నదా? పొయ్యి కోరుట్లల ఫంక్షన్ హాల్ మాట్లాడుకో."

బుచ్చన్న మోకు దించి పక్కన పెట్టి కూర్చున్నాడు.

"పెద్దబిడ్డ స్వరూపది గట్లనే జేసిన సారూ, కోరుట్ల హాల్ల. గదీ శ్రావణమే. మేం నలుగురం ముందురోజు పోయినం. తెల్లారి ఊరోళ్లు బయలెల్లే యాళ్లకు వాగు అచ్చింది. ఊరందరికి వండిచ్చి పెట్టిన. ఒక్కరు రాలే. ఇస్తార్లు ఏసినయి ఏసినట్టే ఉన్నయి. పిల్ల తలంబ్రాలు పోసుకుంట గేటు దిక్కే చూసింది. చిన్నదానికి మన వాకిట్లనే, పచ్చని పందిరేసి, ఊరందరి ముంగట జేస్తనని మాటిచ్చిన."

"ఎండకాలం పెట్టుకోకపోయినవా మరి?"

"పిల్లగాడు మహేశ్, ఎల్లారెడ్డిపేట. దుబాయిల పని. గాయిన లీవు శ్రావణంలనే." లేచి మోకు సర్దుకున్నాడు. "ఊరంత నవ్వుతున్నరు సారూ, బోర్డు నమ్మిండు పిచ్చోడు అని. నవ్వనీ. మాట ముందుగాల ఇయ్యలే నేను. బోర్డు చూసినంకనే ఇచ్చిన."

ఆయన వెళ్లి తాటిచెట్టు ఎక్కాడు. నేను ఆ పత్రిక మళ్లీ మొదటి నుంచి చదివాను. సిగ్గేసింది. కోపమూ వచ్చింది, ఎవరి మీదో తెలియదు. జగిత్యాలలో ఉన్న మా ఆవిడ రుక్మిణికి ఫోన్ చేసి చెప్పాను.

"సంతోషపడుండ్రి, ఒక్కడన్న మీ తారీఖు నమ్మిండు" అంది. "అన్నానికి ఫలానా యాళ్లకు వస్తనంటే ఇన్నేండ్ల సంసారంల నేనే ఒక్కనాడు నమ్మలే."

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. వంతెన కట్టి పెళ్లి చేయమని ఎవరూ అనలేదు. నేను నెత్తికెత్తుకున్నాను.

ప్రాజెక్ట్ మేనేజర్ అంటే ఏం చేస్తాడని చాలామంది అడుగుతారు. ఇటుక పెట్టడు, తట్ట మోయడు. రావలసినవాటిని రావలసిన వేళకు రప్పిస్తాడు. రాకపోతే ఎందుకు రాలేదో పై ఆఫీసుకు రాస్తాడు. ఈ రెండో పనిలో నేను బాగా ఆరితేరాను. ఆ నెల మళ్లీ మొదటి పని చేశాను. సిరిసిల్ల దగ్గర మాదే ఇంకో సైటు ఉంది. అక్కడ పని కొంచెం తీరికగా ఉందని సెంట్రింగ్ రేకులు, మనుషులు ఇటు పంపించమన్నాను. అక్కడి మేనేజరు నన్ను నానా మాటలు అన్నాడు. అననిచ్చాను. ఒకదాని తర్వాత ఒకటి పోయాల్సిన స్లాబులను రెండూ కలిపి పోయించాను. ఆఫీసువాళ్లు "ఏమిటంత తొందర, ఓపెనింగుకు పెద్దవాళ్ల డేటే దొరకలేదు" అన్నారు. "నాకు దొరికింది" అన్నాను.

స్లాబు పోశాక దాని మీద చిన్న చిన్న మట్టి గట్లు కట్టి, మడుల్లాగా నీళ్లు నిలపాలి. ఎండితే కాంక్రీటు పగులుతుంది. ఇక్కడ మాకో కొత్త బాధ మొదలైంది. బుచ్చన్న పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తాటిచెట్టు ఎక్కుతాడు. పైనుంచి స్లాబు మొత్తం అరచేతిలో ఉన్నట్టు కనబడుతుంది.

"సారూ! ఊరి దిక్కు మూలకు మడి ఎండుతున్నది!" అని చెట్టు కొనన మొవ్వులోంచి కేక.

"చూస్తున్నంలే!" అని సాకేత్ కింది నుంచి కేక.

"చూస్తే నిండదు, నీళ్లు పోయాలె!"

"సార్, డ్రోన్ కొనిపియ్యమని అడిగిన గద" అన్నాడు సాకేత్, గొణుగుతూ నీళ్ల పైపు లాక్కుని. "ఇంకద్దు. చెట్టు మీద ఉన్నది సాలు."

నేను నవ్వాను గానీ బుచ్చన్నకు వినబడకుండా నవ్వాను. తనిఖీదారుకు అలుసివ్వకూడదు.

జులై ఆఖరు రానే వచ్చింది. స్లాబులు అయ్యాయి, రెయిలింగు అయింది, పరీక్షకు పంపిన కాంక్రీటు దిమ్మలు బలంగా ఉన్నాయని కాగితం వచ్చింది. ఊరి వైపు ఎక్కే దారి మాత్రం సగం కూడా కాలేదు. ఆ రోజు తాటిచెట్టు కిందికి నేనే వెళ్లాను. ఆఫీసులో ఎన్నోసార్లు అలవోకగా చెప్పిన మాటే బుచ్చన్నకూ చెప్పాలి.

"బుచ్చన్నా, తారీఖు తప్పింది."

ఆయన కల్లు లొట్టి నడుముకు కట్టుకుంటూ చాలా మామూలుగా అన్నాడు. "నేనేసుకున్న పదిహేను దినాలు ఇంక ఉన్నయి గద సారూ."

మొరం పోయించాను, రోలర్ తిప్పించాను. ఇంకొక్క రెండు ఎండలు కాస్తే కార్లు నడిచేవి. ఎండలు కాయలేదు. పెళ్లికి ముందురోజు పట్టిన వాన తెల్లవారేదాకా కురిసింది.

పెళ్లి పొద్దున వెళ్లి చూస్తే వాగు నిండుగా, ఎర్రగా పారుతోంది. దాని మీద వంతెన కడిగిన గిన్నెలా మెరుస్తోంది. వంతెన చివర నుంచి ఊరి వైపు దిగే దారి మాత్రం మోకాలి లోతు బురద. మా సైటు ట్రాక్టరు దిగి ఇరుక్కుపోయింది. దాన్ని లాగబోయిన రోలరు కూడా ఇరుక్కుపోయింది. ఆ బురద అవతల అందరికీ కనబడేలా పచ్చని పందిరి.

బుచ్చన్న కొత్త పంచె పైకి ఎగగట్టి, బురద దాటి మా వైపుకు వచ్చి నిలబడ్డాడు. ఇరుక్కున్న రోలరు వైపు, పందిరి వైపు మార్చి మార్చి చూశాడు. వెంట వచ్చిన సత్యవ్వ, ఆయన భార్య, మెల్లగా అంది. "మల్ల గట్లనే అయ్యేటట్టున్నది." ఆఫీసుకు ఏ వంక చెప్పినా నడుస్తుంది. వాన పడిందంటే సరిపోతుంది. ఈ ఇద్దరికీ ఏం చెప్పను?

సరిగ్గా అప్పుడు వెనక సాకేత్ అరుపులు వినబడ్డాయి. స్లాబుల కింద నుంచి విప్పిన సెంట్రింగ్ రేకులు సిరిసిల్లకు తిరిగి పంపాలి. లారీలో ఎక్కిస్తున్నారు. ఇనుప రేకులు, ఒక్కొక్కటి మంచమంత.

"దించుండ్రి!" అని అరిచాను. "అన్నీ దించుండ్రి!"

"సార్, సిరిసిల్లోళ్లు లారీ కోసం..."

"సిరిసిల్లోళ్లను పెండ్లికి రమ్మను!"

బురద మీద అడ్డంగా కర్రలు, కర్రల మీద రేకులు, జోడుజోడుగా పరుస్తూ పోయాము. మా కూలీలు ఈ చివర నుంచి, పందిరి పనిలో ఉన్న ఊరి మగవాళ్లు ఆ చివర నుంచి. బోర్డు చూసి నవ్వినవాళ్లే రేకులు మోశారు. నా బూటు ఒకటి బురదలో పోయింది, ఇప్పటికీ దొరకలేదు. సత్యవ్వ రెయిలింగుకు మామిడాకుల తోరణాలు కట్టేసింది. ఓపెనింగుకని నేను కొనిపెట్టిన రంగు కాగితాలు వాటి ముందు వెలవెలపోయాయి.

మగపెళ్లివారి బస్సు ఇవతలే ఆగింది. ఇంకా తెరవని వంతెన మీదికి బండి ఎక్కనివ్వనని చెప్పాను. అందరూ దిగి నడిచారు. ముందు డప్పులు, వెనక మహేశ్, ఆ వెనక చుట్టాలు. వంతెన దాటి రేకుల మీదికి రాగానే, అడుగు పడ్డప్పుడల్లా రేకులు ధన్‌మని మోగాయి. డప్పులవాళ్లకు అది నచ్చి రేకుల మీదే నిలబడి ఇంకో దరువు వేశారు. ముసలి మేనత్తలు కొందరు అలవాటు కొద్దీ చెప్పులు చేతబట్టుకుని, చీరలు మోకాళ్ల దాకా ఎత్తుకుని వంతెన మీద నడుస్తున్నారు. "అవ్వా, వాగు కిందున్నది, చెప్పులేసుకో" అంటే, వాళ్లకు వాళ్లే పడీ పడీ నవ్వారు.

అప్పుడే ఫోన్. డిపార్ట్‌మెంట్ ఇంజనీరు గారు. "ఏమయ్యా కరుణాకర్, ఓపెనింగ్ కాకముందే ట్రాఫిక్ వదిలినవంట?"

"లేదు సార్. బయటి బండి ఒక్కటి ఎక్కలే. మనుషులు నడుస్తున్నరు."

"ఎంతమంది?"

"పెండ్లికి ఎంతమందైతే గంతమంది సార్."

డప్పులు ఆయనకూ వినబడ్డట్టున్నాయి. "బండ్లు మాత్రం ఎక్కనియ్యకు" అని పెట్టేశారు.

అందరికంటే వెనక బుచ్చన్న పెద్దబిడ్డ స్వరూప వచ్చింది, చంకలో పిల్లవాడితో. వంతెన నడుమ ఆగి రెయిలింగు పట్టుకుని కిందికి చూసింది. నిండు వాగు. చూస్తూ చూస్తూ గట్టిగా, అందరికీ వినబడేట్టు, వాగునే తిట్టింది.

"నా పెండ్లికి ఒక్కర్ని రానియ్యకపోతివి గదనే! ఇయ్యాల ఆపు, చూద్దాం! ఆపు!"

నవ్వుతూనే అరిచింది, కళ్లు మాత్రం తుడుచుకుంది. నేను అటు తిరిగి సాకేత్‌ను ఊరికే ఏదో తిట్టాను.

గీత తలంబ్రాలు పోసేటప్పుడు ఎటూ చూడలేదు. చూడాల్సిన అవసరం లేదు, వాకిలి నిండా ఊరే ఉంది. నేను భోజనానికి పోతే కూర్చోవడానికి చోటు దొరకలేదు. ఏ పంక్తిలోనూ ఒక్క ఇస్తరి ఖాళీ లేదు. బుచ్చన్న పరుగున వచ్చి, "అయ్యో, సారుకు జాగ లేదా?" అని అటూ ఇటూ వెతికి, ఎక్కడా దొరక్క, నా రెండు చేతులూ పట్టుకుని పెద్దగా నవ్వాడు. ఒంటి బూటుతో, చేత్తో ఇస్తరి పట్టుకుని, నిలబడే తిన్నాను. అంత రుచిగా నేను ఎన్నడూ తినలేదు.

వంతెన ఓపెనింగు దసరా తర్వాత జరిగింది. ఈదులపల్లె నుంచి పెద్దగా ఎవరూ రాలేదు. వాళ్ల లెక్కలో అది అయిపోయిన పని.

ఆ చలికాలం ఎల్లారెడ్డిపేట దగ్గర ఇంకో వంతెన మొదలైంది. మళ్లీ బోర్డు. పెయింటర్ ముత్యం అన్నీ రాసి, ఆఫీసు పంపిన తేదీ కూడా రాసేసి, కుంచె కడుక్కుంటున్నాడు. రోడ్డు మీద గడ్డిమోపుతో పోతున్న ఒక ఆడమనిషి ఆగింది. ముత్యం ఆమెను ఎరిగినట్టుంది, "ఏంది సారక్కా, సదువుతున్నవా?" అన్నాడు. ఆమె అతన్ని పట్టించుకోకుండా నా వైపు తిరిగింది.

"సారూ, రుద్రంగి కాడ వంతెన కట్టిచ్చింది మీరేనా?"

"నేనే."

"గట్లనా. అయితే గీ తారీఖు ఖాయమే గద? మా పిల్లకు సంబంధాలు చూస్తున్నం."

ఆ తేదీ నిజంగా ఎప్పటిదవుతుందో, నా ఉద్యోగంలో మొదటిసారి, నిలబడి ఆలోచించాను. వాన రోజులు తీసేశాను. రేకుల లారీ ఆలస్యం కలిపాను. బుచ్చన్న పదిహేను రోజులు కూడా కలిపాను.

"ముత్యం, తుడిచెయ్" అన్నాను. "ఇంకో ఆర్నెల్లు కలిపి రాయి."

సాకేత్ కంగారుపడ్డాడు. "సార్, ఆఫీసోళ్లు ఏమంటరు?"

"ఆఫీసోళ్ల ఇంట్ల పెండ్లి లేదు" అన్నాను. ముత్యం కిరసనాయిలు గుడ్డ తీసుకుని తుడవడం మొదలుపెట్టాడు. కొత్త తేదీ పడేదాకా సారక్క మోపు దించుకుని అక్కడే నిలబడింది.