జో క్రాబ్‌ట్రీ ఎడమ బూటు

అద్దాల బీరువాలో కుడి బూటు ఒక్కటే ఉంది.

సునీత దుమ్ముగుడ్డ పక్కన పెట్టి కింది అరలన్నీ వెతికింది. మర్నాటి విమానానికి క్రాబ్‌ట్రీ సాబ్ ఆ జత తీసుకుని ఇంగ్లండు వెళ్లాలి. బీరువా తాళంచెవి వంటగదిలో మేకుకు వేలాడుతుంది. ఆ వంటగది సునీతది. 1993లో గల్ఫ్‌లోని ఘుబ్రా విల్లాల్లో పనిమనిషి మీద దొంగతనం పడితే ముందు పోలీసులు, తర్వాత కడపకు తిరుగు టికెట్టు.

ఆ బూట్లు సాబ్ తాత జో క్రాబ్‌ట్రీవి. ఇంటికొచ్చిన ప్రతివాడికీ సాబ్ ఆ కథ చెప్పేవాడు. జో పదేళ్లకే నూలుమిల్లులో చేరాడు. 1885లో ఫుట్‌బాల్ ఆటకు జీతం ఇవ్వొచ్చని అక్కడి ఆటల సంఘం ఒప్పుకోగానే మిల్లు వదిలి క్లబ్బులో చేరాడు. ఆరేళ్లు ఆడాడు. ఏడో ఏట, కాలినొప్పి నటిస్తున్నాడని పత్రికలు రాశాయి. క్లబ్బు వెళ్లగొట్టింది. ఆ మచ్చ తుడవడానికి సాబ్ రెండు వందల పేజీలు రాశాడు. రుజువు మాత్రం దొరకలేదు.

"నాలుగింటిదాకా చూస్తాను. తర్వాత పోలీసులకు ఫోన్ చేస్తాను," అన్నాడాయన హిందీలో.

బీరువా అద్దం మీద జిడ్డు వేలిముద్ర కనిపించింది. సునీత వంగి వాసన చూసింది. ఆముదం.

కట్టడం సైట్‌లో డ్యూటీ అయ్యాక ఈ ఇంటి తోటకు నీళ్లు పట్టే ఇస్తారి, తన రూమ్‌లో తోటివాళ్ల చెప్పులు కుట్టి ఆముదం పూసేవాడు.

సరిగ్గా నాలుగింటికి ఇస్తారి గేటు తీశాడు. చేతిలో సంచి.

"నన్ను జైల్లో ఏపిచ్చి, నువ్వు ఆముదం పూసుకోని తిరగతాండావా అన్నా?" అంది సునీత.

అప్పటికే సాబ్ ఫోన్ ఎత్తాడు. ఇస్తారి సంచిలోంచి బూటు తీసి బల్ల మీద పెట్టాడు.

"నేను జెప్పింది జెప్పినట్టు సాబ్‌కు జెప్పు చెల్లె. నిన్న నువ్వు బట్టలు ఆరేస్తుంటె తాళంచెవి తీసింది నేనే. తోలు ఎండి పలుగుతుంటె సూడలేకపోయిన. మా తాత తోలు మోటబొక్కెనలు కుట్టెటోడు, నాకు గా పిచ్చి అంటింది. ఆముదం రాసి పొద్దుగాల్ల పెడుదామంటె సైట్ బండి ఈడ ఆపలే. కుట్టు గూడ నేనే ఇప్పిన, అది తప్పే. మడిమె కాడ ఎత్తు తగిలింది, ఆగలేకపోయిన. లోపట మూడు తోలుముక్కలు ఉన్నయి, ఇగో. కాలు సక్కగున్నోడు ఇవి పెట్టుకోడు. అడుగు సూడుమను, ఒక్క దిక్కే అరిగింది. గా మనిషి నటించలే, కుంటుకుంటనే శానా రోజులు ఆడిండు. దొంగను మాత్రం నేనే. పోలీసులకు నా పేరే జెప్పుమను."