గోడ అవతలి నవ్వు

మా పిన్ని కంప్యూటర్ల గురించి తర్కం రాస్తుంది. దూరదూరంగా ఉన్న యంత్రాలు ఒకదానికొకటి కబుర్లు పంపుకుంటాయి. దారిలో కొన్ని కబుర్లు పోయినా అవన్నీ ఒకే నిర్ణయానికి వస్తాయని కాగితం మీద రుజువు చేయడం ఆమె పని. ఏ యంత్రానికి ఏం తెలుసో, ఎలా తెలుసో మెట్టు మెట్టుకీ చెప్పాలి. ఇన్నాళ్లూ ఆ మెట్లు సరిచూసింది నేనే. నలుగురిలో నోరు విప్పలేను గానీ, "ఎలా తెలుసు?" అని పిన్నిని మాత్రం అడగగలను.

ఈ సెలవులకి పెద్దమ్మ కూతురు దిగింది. నెలల తేడాతో నాకు అక్క. ఇంట్లో అందరూ వాగుడుకాయ అని ముద్దు చేస్తారు. వచ్చిన రోజే పిన్ని రాసిన చివరి మెట్లు తను సరిచూసేసింది. నాకు కడుపు మండిపోయింది.

పిన్ని ఆ రుజువును పెద్ద సభలో వినిపించాలి. తోడుగా ఒక్కరినే తీసుకెళ్తానంది. ఆ ఒక్కరూ ఎవరన్నది తేల్చడానికి తనకి అలవాటైన ఆట పెట్టింది. అక్కా నేనూ చెరో గదిలో చెరో యంత్రం. మా చీటీలు పిన్ని మోస్తుంది, తోచినవి చించేస్తుంది. చివరికి అవతలి యంత్రం గురించి, చేతికొచ్చిన చీటీలని బట్టి తెలిసిందే రాయాలి.

నేనో చీటీ పంపాను. జవాబు రాలేదు. అంతలో గోడ అవతల అక్కా పిన్నీ పకపకా నవ్వారు. నా రాత చూసే నవ్వుతున్నారని ఒళ్లు భగ్గుమంది. నా చీటీ అక్కకి అందిందని నాకు తెలుసు, అని రాసిచ్చేశాను.

పిన్ని చదివి, "ఎలా తెలుసే?" అంది.

నవ్వు వినబడిందని గొణిగాను.

"యంత్రానికి చెవులెక్కడివే పిచ్చిదానా? నీ చీటీ ఇదిగో, చించి నా గుప్పిట్లోనే పెట్టుకున్నాను."

అక్క మాత్రం అవతలి యంత్రం సంగతి తనకేమీ తెలియదని రాసిందట. అదే సరైన జవాబు. నవ్విందేమో పెన్ను కారి అక్క ముక్కుకి సిరా అంటుకున్నందుకట.

పిన్నితో సభకి బయల్దేరే ముందు అక్క నా జడ లాగి, "నిన్ను చూసి నవ్వామనుకున్నావా, మూగమొద్దూ?" అంది. లేదన్నాను.

వాళ్లు వెళ్లాక రుజువు ప్రతి ముందేసుకుని కూర్చున్నాను. ఒక్క తప్పైనా దొరకాలి. అదీ అక్క సరిచూసిన మెట్లలోనే దొరకాలి.