మావారి కోళ్ల కోట

పెళ్లయ్యాక మావారి మీద నాకు మొదటిసారి నిజంగా కోపం వచ్చింది ఒక పిల్లి వల్ల. అంతకుముందు వచ్చినవన్నీ బతిమాలించుకోవడానికి పూనిన ఉత్తుత్తి అలకలు.

మేం కాపురం పెట్టిన ఇంటికి పెరడు ఉందని తెలిసి అత్తయ్య తన కోళ్లలో నాలుగింటిని మాకిచ్చారు. అపార్ట్‌మెంట్‌లో పెరిగినదాన్ని, కోడిని అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. అవి ప్రతి గుక్కకీ తల పైకెత్తి నీళ్లు మింగుతుంటే చూస్తూ కూర్చోవడానికే నాకు పొద్దు చాలేది కాదు. గూటి ముందు అవి తిరగడానికి మావారు పల్చటి జాలీ కట్టారు. పిల్లి దాన్ని చీల్చి నల్లకోడిని ఎత్తుకుపోయిన మర్నాడు, కోళ్ల జాలీ అనే అమ్మారు కదా అన్నారాయన. కోడిని ఆపే జాలీ పిల్లినెలా ఆపుతుందని అడిగితే, ఆ సంగతి జాలీ మీద రాయలేదన్నారు.

ఇది విని అత్తయ్య ఫోన్ చేశారు. ఆదివారం వస్తానని, కోళ్లకు ఇక్కడ భద్రత లేదనిపిస్తే బుట్టలో వేసుకుని తీసుకుపోతానని చెప్పారు. ఎర్రకోడేమో అప్పటికే ఆరు గుడ్ల మీద పొదగడానికి కూర్చుని ఉంది. దగ్గరికెళితే ఒళ్లంతా ఉబ్బించి, సెలవడిగినప్పుడు మా ఆఫీసులో మేడమ్ చూసినట్టే చూసేది. అందుకే దానికీ మేడమ్ అని పేరు పెట్టాను. మేడమ్ రెక్కల కింద నుంచి పిల్లలు బయటికి తొంగిచూసే రోజు చూడాలని నాకు పిచ్చి ఆశ.

మావారికి పౌరుషం వచ్చింది. వేలు కూడా దూరని గట్టి ఇనుప జాలీ తెచ్చి, చుట్టూ కందకం తవ్వి, మూరెడు లోతున పాతారు. గద్ద తన్నుకుపోకుండా పైన వల కట్టారు. తలుపుకి పైనొక గడియ, కిందొక గడియ, మధ్యలో గొళ్లెం. పొద్దున్నే నూకలు చల్లడానికి వెళ్లి అవన్నీ తీసేసరికి నాకే ఆకలేసేది. లోపల మూలనున్న రాతిపలకను మాత్రం ఆయన కదపలేదు. నూకలు వెయ్యడానికి పీటలా పనికొస్తుందని మురిసిపోయారు.

మర్నాడు మేడమ్ కింద ఒక గుడ్డు తగ్గింది.

మావారు ఇంకో వరస జాలీ కొట్టారు. ఇంకో గుడ్డు పోయింది. తలుపుకి తాళం వేశారు. ఇంకోటి పోయింది. చివరికి నా వంక అదోలా చూసి, ఆమ్లెట్ గానీ వేశావా అని అడిగారు. ఆ పూటంతా నేను మాట్లాడలేదు. రెండో పూట కూడా మాట్లాడకూడదనే అనుకున్నాను గానీ, ఆయన నుదుటికి మట్టి అంటించుకుని అన్నానికి కూర్చుంటే తుడవకుండా ఉండలేకపోయాను.

ఆదివారం పొద్దున కోళ్ల గిన్నె కడిగి, ఆ నీళ్లు రాతిపలక పక్కన పారబోశాను. నీళ్లు పరుచుకోలేదు. గుటగుటమంటూ పలక కిందికి దిగిపోయాయి. ఇంకో చెంబు పోశాను. అదీ అంతే. వంగి చూస్తే చీకట్లో తడిసిన మీసాలు, వాటి మధ్య ఒక ముక్కు. పందికొక్కు.

మావారిని పిలిచాను. ఆయన వచ్చి, జాలీ ఎక్కడా తెగలేదే అంటూ చుట్టూ తడిమి చూసుకుంటున్నారు.

"తెగదండీ. మీరు కోట కట్టింది కోళ్లకి కాదు, దానికి," అన్నాను. "పిల్లి భయం లేదు, గద్ద భయం లేదు. గుమ్మం ముందే టిఫిను."

ఒక పక్క జాలీ తీస్తే తప్ప అది పోదని నేను. చేతులు బొబ్బలెక్కేలా కట్టింది తియ్యనని ఆయన. వాళ్లమ్మ వచ్చే వేళకి కంచె తెగి ఉంటే పరువేం కావాలట. పరువు పొదిగితే పిల్లలు రావని చెప్పి, కటింగ్ ప్లేయర్ నేనే అందుకున్నాను. వేళ్లు తెగుతాయని నా చేతిలోంచి లాక్కుని, ఎవరో తన జేబు కత్తిరిస్తున్నట్టు మొహం పెట్టి ఆయనే కత్తిరించారు.

నేను బొరియలో బకెట్టు గుమ్మరించాను. పందికొక్కు బయటపడి, ఇద్దరి మీదా బురద చిమ్మి, కొత్త కంతలోంచి దూరి, అప్పుడే పెరటి గేటు తీసుకుని వస్తున్న అత్తయ్య కాళ్ల పక్కనుంచి ఉరికింది. అత్తయ్య చేతిలో ఖాళీ బుట్ట, భుజాన సంచీ.

ఆవిడ తెగిన జాలీ చూశారు. బురదలో నిలబడ్డ కొడుకునీ కోడల్నీ చూశారు. మేడమ్ దగ్గర కూర్చుని రెక్క కిందికి చెయ్యి పోనిచ్చారు.

"మూడే మిగిలాయిరా," అన్నారు.

"దాన్నిప్పుడు తీసుకెళ్లకండి అత్తయ్యా. కావాలంటే సెలవు పెట్టి నేనే కాపలా కూర్చుంటాను." అంటూ బుట్టకి అడ్డంగా నిలబడ్డాను.

"పొదుగుతున్నదాన్ని ఎక్కడికి తీసుకెళ్తానమ్మా? కదిలిస్తే గుడ్లు వదిలేస్తుంది."

ఆవిణ్ణి వాటేసుకోబోయి, చేతుల బురద చూసుకుని ఆగాను. ఆవిడ లేచి చేతులు దులుపుకున్నారు.

"పిల్లలు బయటికొచ్చేదాకా ఇక్కడే ఉండనీ. నేనూ ఉంటాను. మీ ఇద్దర్నీ నమ్మి వదిలితే అయినట్టే."

బొరియలో కంకర పోస్తున్న మావారి చెయ్యి ఆగిపోయింది. ఎన్నాళ్లు పట్టొచ్చని ఆయన మామూలుగా అడగబోతే గొంతు కీచుమంది. రెండు వారాలైనా పడుతుందని చెప్పి, సంచీ ఎక్కడ పెట్టుకోవాలని నన్నడిగారు అత్తయ్య.

మాకున్నది ఒకటే గది. మావారు నా వంక చూశారు. నేను మేడమ్ వంక చూశాను, కాస్త త్వరగా కానివ్వు తల్లీ అన్నట్టు.