బుందాష్ జడలు

కడుపులో రాళ్లు తీయించుకుని కెచ్‌కెమేట్ ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేసరికి, గేటు దగ్గర బక్కపలచటి తెల్లకుక్క ఒకటి నిలబడి తోక ఊపుతోంది. వీపు మీద ఎముకలు లెక్కపెట్టొచ్చు. బొచ్చు పోయిన చోట బూడిదరంగు చర్మం కనిపిస్తోంది.

"ఎవరిదిరా ఈ కుక్క?" అని మా మేనల్లుడు తిహమేర్‌ని అడిగాను. నేను లేనన్నాళ్లూ గొర్రెల మందను చూసుకోవడానికి బుడాపెస్ట్ నుంచి వచ్చాడు వాడు.

"గుర్తుపట్టలేదా అత్తా? మన బుందాషే!" అన్నాడు, ఏదో బహుమతి తెచ్చినవాడిలా.

సంచి కింద పెట్టి దాని వీపు తడిమాను.

బుందాష్ మందకు కాపలా కాసే కొమొందోర్ జాతి కుక్క. దాని పైబొచ్చు గరుకు, లోబొచ్చు దూది. రెండూ పెనవేసుకుంటాయి. పట్టించుకోకుండా వదిలేస్తే ఒళ్లంతా పరుపులా అట్టకడుతుంది. దువ్వెన పెడితే నాశనమే. వేళ్లతో, చర్మం దాకా, ఒక్కో పాయా చీల్చి విడదీస్తేనే జడలుగా వేలాడతాయి. అది పిల్లగా ఉన్నప్పటి నుంచీ ఆ పని నాదే. సాయంత్రాలు ఏతాం బావి దగ్గర కూర్చుని విడదీసేదాన్ని, వేళ్లు వాచిపోయేవి. ఆరేళ్లకు ఆ జడలు నేలకు తగిలాయి. మంద మధ్యలో పడుకుంటే ఏది గొర్రో ఏది కుక్కో నాకే తెలిసేది కాదు.

"ఎవడు చేశాడీ పని?"

"నేనే. ఎండలు మండిపోతున్నాయి కదత్తా! పాపం నాలుక వేలాడేసి ఒకటే ఒగర్పు. ఉన్ని తీసే మిషను ఎలాగూ ఉంది కదా అని..."

"కుక్క ఒగర్చక నువ్వు ఒగరుస్తావా? ఆ జడలే దానికి గొడుగురా, వెధవా! ఇప్పుడు చూడు, రేపటికి వీపు కమిలిపోతుంది."

"తేలిగ్గా ఉంది దానికి. చూడు, ఎలా గెంతుతోందో!"

"నీ బుర్ర కూడా తేలిగ్గానే ఉంది. గెంతు నువ్వు కూడా!"

వాడు నొచ్చుకుని ఫోను తీసి నా ముఖం ముందు పెట్టాడు. ముందు, తర్వాత అని రెండు ఫోటోలు నెట్‌లో పెట్టేశాడు. కింద కామెంట్లలో జనం కన్నీళ్లు కార్చేస్తున్నారు. గొర్రెను పులుసులో తప్ప చూసెరగని ఒక మహాతల్లి, ఇన్నేళ్లూ ఈ మూగజీవిని హింసించిన ముసలిదాన్ని జైల్లో పెట్టాలని రాసింది. ఆ ముసలిదాన్ని నేనే! నా ఒళ్లు భగ్గుమంది.

ఇంకెవడైనా మిషను పట్టుకుని దగ్గరికి వచ్చి ఉంటే బుందాష్ వాడి చెయ్యి నమిలేసేది. తిహమేర్ కాబట్టి ఊరుకుంది. కుక్కపిల్లగా ఉన్నప్పుడు, వాడు సెలవులకు వస్తే, వాడి మంచం కిందే పడుకునేది అది. వాడు పడుకోమంటే పడుకుంది, తిరగమంటే తిరిగింది. నాకు అన్నిటికన్నా మండింది అక్కడే.

ఎండ సంగతి సరే, నా అసలు భయం రెల్లుగడ్డిలో ఉంది. పట్నం వాళ్లు వేసవికి కుక్కల్ని ముద్దుగా తెచ్చుకుంటారు, సెలవులు అయిపోగానే మా పొలిమేరల్లో దింపేసి పోతారు. అవన్నీ ఇప్పుడు గుంపు కట్టి రెల్లులో కాపురం పెట్టాయి. కిందటేడు వాటిలో ఒకటి బుందాష్ మెడ పట్టుకుంది. నోటినిండా బొచ్చే తప్ప మాంసం అందలేదు. ఆ కంగారులో అది వదిలేసింది, బుందాష్ వదల్లేదు.

"మంద దగ్గర నువ్వే నిలబడు. బుందాష్‌ను లోపల పెట్టి తలుపు వెయ్యి" అని తిహమేర్‌తో చెప్పాను. వాడు తలుపు వేశాడు. గడియ పెట్టలేదు.

పొద్దు వాలుతుండగా గుంపు వచ్చింది. గొర్రెలు ఒక మూలకు పోగయ్యాయి. బుందాష్ తలుపు తోసుకుని, ఎప్పటిలాగే నేరుగా వెళ్లి మెడ ముందుపెట్టి దూకింది. తన జడలు పోయాయని దానికి తెలియదు కదా! కుట్లతో నేను పరుగెత్తలేక కంచె పట్టుకుని అరుస్తుంటే, తిహమేర్ గడ్డి పంగలకర్ర పట్టుకుని పోయి తరిమాడు. ఒక్క గొర్రెపిల్లా పోలేదు. బుందాష్ మాత్రం తెల్లకుక్క కాదు అప్పటికి, ఎర్రకుక్క.

పశువుల డాక్టరు మెడకు కుట్లు వేస్తూ, "ఇంకోసారి ఇలా దూకితే నన్ను పిలవకండి, గొయ్యి తవ్వుకోండి" అన్నాడు.

జడలు మళ్లీ కట్టాలంటే ఏళ్లు పడుతుంది. అంతవరకూ దాన్ని ఆపేదెలా? గొలుసు ఎరగని కుక్క అది. మర్నాడు తిహమేరే వెళ్లి గొలుసు, ఛాతీకి వేసే తోలుపట్టా కొనుక్కొచ్చాడు.

"నువ్వే కట్టు" అన్నాను.

"అత్తా, నా వల్ల కాదు."

"మిషను పట్టినప్పుడు అయింది కదా! కట్టు."

వాడు కూర్చున్నాడు. బుందాష్ మెల్లగా లేచి వచ్చి, పట్టా వేయడానికి వీలుగా వాడి ఒళ్లో తల పెట్టింది. నీకు కోపం రాదా అని దాన్ని పట్టుకుని ఊపేయాలనిపించింది. తిహమేర్ ఏడుస్తూనే కొక్కెం తగిలించాడు. నేను ఓదార్చలేదు.

సాయంత్రం రెల్లులో ఒకటి మొరిగింది. బుందాష్ లేచి ఉరికింది. గొలుసు బిగిసి వెనక్కి లాగేసింది. మళ్లీ ఉరికింది, మళ్లీ లాగింది. అప్పుడు వెనక్కి తిరిగి చూసింది.

తిహమేర్ నా పక్కనే నిలబడి ఉన్నాడు. అది వాడివైపు చూడలేదు. నావైపే చూసింది.