ఎనభై నాలుగు ప్రశ్నలు, ఒక్క మంచం

డాక్టర్ వేదవ్యాస ఎనభై నాలుగు ప్రశ్నలు పట్టుకొని ప్రొద్దుటూరులో జీపు దిగిన రోజున మైమూన్‌కు తలనొప్పిగా ఉంది. లేకపోతే ఇంకాస్త మర్యాదగా తిట్టేదే.

నయాపైసలు కొత్తగా వచ్చిన ఏడాది అది. వైద్య కళాశాలలో పాఠాలు చెప్పుకునే ఆయనకు హిజ్రాల ఆరోగ్యం, బాగోగుల మీద పరిశోధన చేయాలని బుద్ధి పుట్టింది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల కలిపి ముప్పై మందిని ప్రశ్నలు అడగాలి, బరువు చూడాలి, రక్తం తీయాలి. అయితే ఆ మూడూళ్ల హిజ్రాలకూ గురువు దిల్షాద్‌బీ. డెబ్బై ఏళ్ల ఆ ముసలమ్మ సరేనంటే తప్ప ఒక్కరూ పెదవి విప్పరు. ఆ ముసలమ్మ గడపకు అడ్డంగా కాళ్లు చాపుకొని కూర్చున్న పెద్ద శిష్యురాలే మైమూన్. ఆమె గొంతు తగ్గించి మాట్లాడినా వీధి చివరిదాకా వినబడుతుంది.

“చిన్నప్పుడు తట్టు పోసిందా అమ్మా?” అని మొదలుపెట్టాడు వేదవ్యాస.

“నీకు పోసిందా?” అంది మైమూన్.

“నా సంగతి ఎందుకులెండి.”

“మరి నా సంగతి నీకెందుకప్పా? నాకేమన్నా పెండ్లి సంబంధం తెచ్చినావా?”

వేదవ్యాస కోస్తా మనిషి. ఇంత మొహం మీద కొట్టినట్టు మాట్లాడేవాళ్లు అలవాటు లేదు. నుదురు తుడుచుకొని, కాగితం తిప్పి, ఇబ్బంది లేని ప్రశ్న కోసం వెతికాడు.

“రాత్రిళ్లు నిద్ర బాగా పడుతుందా?”

మైమూన్ లేచి పక్కగది తెర లాగింది. లోపల చాప మీద దిల్షాద్‌బీ పడుకొని ఉంది. ఎడమ పాదానికి చుట్టిన గుడ్డ తడిసిపోయింది. వాసనకు డాక్టరు కూడా జేబురుమాలు తీశాడు.

“చక్కెర జబ్బు. పుండు పడి రెండు నెలలాయ. ఇట్లుంటే నిద్ర యాడ పడతాది? ఇది రాసుకో.”

“ఆసుపత్రికి తీసుకెళ్లలేదా?”

“రెండుసార్లు పోయినాం. ఆడోళ్ల వార్డులో మొగోళ్ల వార్డుకు పొమ్మన్యారు. మొగోళ్ల వార్డులో ఇన్ని గాజులేసుకోని ఈడేం పనన్యారు. రెండిటి మధ్యన ఉండేది మరుగుదొడ్డి. దాంట్లో పండుకోబెట్టమంటావా?”

ఆ ఆసుపత్రి ఏ ఊరిదో నేను చెప్పను. అడిగినా చెప్పను.

వేదవ్యాస గొంతు సవరించుకొని, “చూడమ్మా, నేను వచ్చింది పరిశోధనకు. వైద్యం వేరే శాఖ” అన్నాడు. అన్న తర్వాత ఆ మాట తన చెవికే బాగాలేక తల దించుకున్నాడు.

“అట్లనా? అంటే మేం ఎందుకు సచ్చినామో నువ్వు రాసుకుంటావు. సావకుండా చూసే పని ఇంగొకాయనది. బాగుండాదప్పా మీ కత.”

లోపల్నుంచి దిల్షాద్‌బీ కేకేసింది. “ఏమే, ఆయప్పకు టీ నీళ్లన్నా పోసినావా? ఒట్టి నోటితో తిడతాండావా?”

టీ ఇచ్చాక మైమూన్ బేరం పెట్టింది. “ముప్పై మందిని నేను తెస్తా. నువ్వు అడిగేదానికల్లా జవాబు చెప్పిస్తా. మా అమ్మకు ఒక్క మంచం చూపియ్యి. ఒక్కటే.”

డాక్టరుకు మంచం ఎంత పని అనుకున్నాడు వేదవ్యాస, ఒప్పేసుకున్నాడు. మూడు రోజుల తర్వాత మళ్లీ వచ్చినప్పుడు జీపు దిగడానికే తటపటాయించాడు. చీటీలో స్త్రీ అనో పురుషుడు అనో రాయనిదే చేర్చుకోవడం కుదరదనీ, ఏది రాసినా ఆ వార్డువాళ్లు గొడవ చేస్తారనీ ఆ ఆసుపత్రి సూపరింటెండెంటు తేల్చి చెప్పాడట. బరువులు చూసుకోవడానికి మాత్రం గురువారం ఓ గది ఇచ్చాడట.

మైమూన్‌కు తిట్టే ఓపిక కూడా లేకపోయింది. ముందురోజే గుడ్డ మారుస్తుంటే గురువు కాలి చిటికెనవేలు నల్లబడి కనిపించింది. ఇంకో వారం ఇలాగే ఉంటే మనిషి దక్కదని ఆమెకు తెలుసు. అంత నోరున్న మనిషీ ఆ మాట ఎవరితోనూ అనలేకపోయింది.

“గురువారం అందరం వస్తాం. అమ్మను గూడా తెస్తా. ఆమె బరువు నీకు అక్కర్లేదా?” అంది.

గురువారం ముప్పై మంది ఆసుపత్రి ముందు బస్సులు దిగారు. జమ్మలమడుగు వాళ్లు డోలక్ తెచ్చుకున్నారు. పులివెందుల వాళ్లు చద్దిమూటలు తెచ్చుకున్నారు. దిల్షాద్‌బీ జట్కాలో వచ్చింది. బరువు చూసే మిషను ఎక్కి కొందరు కడియాలు తీయనన్నారు, కొందరు తూకం తప్పని వాదించారు. సూది చూసి ఓ ఆరడుగుల మనిషి బల్ల కిందికి దూరింది.

ఆ గది గోడకు అవతల కాన్పుల వార్డు. పదకొండు గంటలప్పుడు అక్కడ ఓ పసిబిడ్డ కెవ్వుమంది. ఈ గదిలో ముప్పై తలలూ ఒక్కసారి అటు తిరిగాయి. పుట్టిన బిడ్డను ఎత్తుకొని ఆడి, పాడి, దీవించడం వాళ్ల బతుకుదెరువు. ఆ ఏడుపు వింటే వాళ్లకు చేతులు ఆగవు. డోలక్ దానంతట అదే మోగినట్టు మోగింది.

వార్డులోంచి వేంపల్లె భారతమ్మ అనే ముసలావిడ పరుగెత్తుకొచ్చింది. ఆమె కూతురికి అంతకుముందు ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోయారు. “తల్లీ, మా మనవరాలి నెత్తిన ఒక్కసారి చెయ్యి పెట్టండి. మీలో పెద్దామె ఎవరు?”

మైమూన్ రెండోమాట లేకుండా దిల్షాద్‌బీని రెండు చేతుల్లో ఎత్తుకొని ఆ వార్డులోకి నడిచింది. కూర్చోబెట్టడానికి కుర్చీ లేదు. ఏడో నంబరు మంచం ఖాళీగా ఉంది.

దిల్షాద్‌బీ బిడ్డను తొడమీద పెట్టుకొని దిష్టి తీసి, కణతలకు మెటికలు విరిచింది. “దొంగముండ, ముక్కు చూడు, అచ్చం అవ్వ ముక్కే. నూరేండ్లు బతుకుతాదిలే” అంది. అంతే, మిగతా మంచాల మీది తల్లులు కూడా మా బిడ్డ, మా బిడ్డ అని చేతులు చాచారు. పదకొండు మంది పిల్లలు ఆ ముసలి ఒళ్లోంచి వరుసగా వెళ్లారు. నొప్పికి ముసలమ్మ పెదవి కొరుక్కుంటూనే ఉంది, పాట మాత్రం ఆపలేదు.

అప్పుడు వచ్చింది వార్డు పెద్ద నర్సు విజయమ్మ. “ఎవరు ఈమెను మంచం ఎక్కించింది? దింపండి!”

“దింపితే మేం ఊరుకోం” అని అడ్డం నిలబడింది భారతమ్మ. “మా బిడ్డలను దీవించిన మనిషి కడుపు మండి ఒక మాటంటే ఎవరు జవాబుదారీ?”

విజయమ్మ ప్రతి ఆదివారం చర్చికి వెళ్లే మనిషి, శాపాలకు భయపడదు. భారతమ్మను పక్కకు జరిపి, దిల్షాద్‌బీ కాలి గుడ్డ విప్పి చూసింది. నల్లబడిన వేలును మెల్లగా నొక్కి చూసింది.

“ఇన్ని దినాలు యాడుండారు మీరు?”

“మీ వాకిట్లోనే ఉన్యాం నర్సమ్మా” అంది మైమూన్. వీధి చివరిదాకా వినబడే ఆ గొంతు మంచం దగ్గరే ఆగిపోయింది.

విజయమ్మ వేదవ్యాసను పిలిచి, చీటీ మీద సంతకం పెట్టమంది.

“ఇది కాన్పుల వార్డు కదమ్మా!”

“అందుకే సార్. ఈ వార్డు చీటీలో స్త్రీయా పురుషుడా అనే గడి లేదు. ఈడికొచ్చినోళ్లను ఆ ప్రశ్న ఎవరూ అడగరు.”

ఎనభై నాలుగు ప్రశ్నలు తయారుచేసిన మనిషికి ఒక్క ప్రశ్న లేని కాగితం దొరికింది. జేబులోంచి కలం తీసి సంతకం పెట్టాడు. సూపరింటెండెంటుకు సంగతి తెలిసేసరికి దిల్షాద్‌బీ రెండు కాలివేళ్లు తీసేయడం, సూదిమందు మొదలవడం కూడా అయిపోయాయి. కాలు మాత్రం దక్కింది.

మైమూన్ మాట తప్పలేదు. ముప్పై మందీ అన్నిటికీ జవాబు చెప్పారు. అయితే ప్రతిదీ తిరిగి డాక్టరునూ అడిగారు. పాపం ఆయనకు చిన్నప్పుడు తట్టు పోసిందని, మామగారంటే భయమని మూడూళ్లకూ తెలిసిపోయింది. పిల్లలెందరని అడిగితే దిల్షాద్‌బీ, “ఈ వార్డులోనే పదకొండు మంది. బయటోళ్లను యాడ లెక్కపెట్టేది?” అంది.

ఇరవై ఆరో రోజున ముసలమ్మను ఇంటికి పంపారు. ఆ వార్డులో ఇచ్చే చీటీ అందరికీ ఒకటే. విజయమ్మ దానిమీద అచ్చువేసిన ఓ మాటను గీతపెట్టి కొట్టేసి మైమూన్ చేతిలో పెట్టింది. మైమూన్‌కు చదువు రాదు.

“ఏం రాసినారు? ఏం కొట్టేసినారు?” అంది అనుమానంగా.

“తల్లీ బిడ్డా క్షేమం అని ఉంటాది. బిడ్డ లేదు గదా, అది కొట్టేసినా.”

“అయితే ఇప్పుడు ఏమని ఉండాది?”

“తల్లి క్షేమం.”

మైమూన్‌కు ఏడుపొచ్చింది. దాచుకోలేదు, కొంగు అడ్డం పెట్టుకోలేదు. బయట జట్కాలోంచి దిల్షాద్‌బీ అరుస్తోంది. “ఏమే, వస్తాండావా, ఆడనే కాన్పైతావా?”

“ఉండమ్మా, వస్తాండా” అని కేకేసి, మైమూన్ ఆ చీటీని మళ్లీ విజయమ్మ చేతికిచ్చింది.

“ఇంగొక్కసారి సదువు నర్సమ్మా.”